పార్కు నుంచి పార్కుకు: పెద్దవాళ్ల బృందం నడకకు దారి వేసుకోవడం ఎలా

ఒకే పార్కులో రోజూ గుండ్రంగా తిరిగితే మోకాళ్లకంటే ముందు మనసుకు విసుగొస్తుంది. అందుకే అరవై దాటిన స్నేహితులు కొందరు కలిస్తే ఊళ్లోని రెండు మూడు పార్కులను కలుపుతూ నడుద్దామనుకుంటారు. మంచి ఆలోచనే. అయితే పార్కు లోపల వాహనాలుండవు, నాలుగడుగులకో బెంచీ ఉంటుంది, ఎక్కడ అలిసినా ఆగొచ్చు. గేటు దాటి బయటికొస్తే రోడ్లు దాటాలి, ఫుట్‌పాత్ ఎక్కి దిగాలి, కూర్చునే చోటు దొరక్కపోవచ్చు. ఇబ్బందులన్నీ పార్కుల మధ్య ముక్కల్లోనే వస్తాయి కాబట్టి దారి వేసేటప్పుడు ముందు వాటి సంగతి చూడాలి.

ముందుగా దారి చూసి రావడం

దీనికి ఇద్దరు చాలు. బృందం వారంలో ఏ రోజు, ఏ వేళకు నడవబోతోందో అదే రోజు, అదే వేళకు వెళ్లండి. సెలవు రోజు ఉదయం ఖాళీగా కనిపించే రోడ్డు పనిరోజు సాయంత్రం అలా ఉండదు. ఫోన్లోని మ్యాపు చూపించే నిమిషాలు చురుగ్గా నడిచేవాళ్లవి, వాటిని పట్టుకోకండి. గంటకు 3 కిలోమీటర్లు, అంటే నిమిషానికి 50 మీటర్లు అనుకుంటే పెద్దవాళ్ల బృందానికి లెక్క దాదాపు సరిపోతుంది.

గేట్లు తెరిచే వేళలు రాసుకోండి. పెద్ద గేటు తెరిచున్నా వెనక గేటుకు తాళం ఉండటం మామూలే, చుట్టూ తిరిగి రావడానికి పావుగంట పోతుంది. మరుగుదొడ్డి ఎక్కడుందో చూస్తే సరిపోదు, లోపలికి వెళ్లి నీళ్లు వస్తున్నాయో లేదో, గడియ పడుతుందో లేదో చూడాలి. రక్తపోటుకు మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వేసుకునేవాళ్లు బృందంలో ఉంటే దారిని మొదట నిర్ణయించేది ఇదే.

బెంచీల మీద కూడా కూర్చుని చూడండి. మోకాలి ఎత్తుకంటే తక్కువలో ఉండి, చేతులు ఆనించుకునే పట్టీలు లేని బెంచీ మీంచి కీళ్ల నొప్పులున్నవాళ్లు సాయం లేకుండా లేవలేరు. అలాంటిది మన లెక్కలో బెంచీ కిందికి రాదు. రెండు మంచి బెంచీల మధ్య 400 మీటర్లు దాటితే ఆ ముక్కలో కాసేపు ఆనుకోవడానికి పిట్టగోడో, అరుగో గుర్తు పెట్టుకోండి.

ఇక నేల. పెద్ద చెట్ల కింద వేళ్లు పలకలను లేపేస్తాయి. మెట్టంత ఎత్తు లేచిన పలక కళ్లకు కనబడుతుంది గనుక కాలెత్తుతాం. వేలి మందాన లేచిన పలక అంచు కనబడదు, బొటనవేలు దానికే తట్టుకుంటుంది. పైగా వయసు పెరిగేకొద్దీ చాలామందికి నడకలో పాదం నేల మీంచి తక్కువ ఎత్తు లేస్తుంది. దట్టమైన నీడలోంచి ఎండలోకి వచ్చే చోటు కూడా ప్రమాదమే, కళ్లు వెలుతురుకు సర్దుకోవడానికి పెద్దవాళ్లకు ఎక్కువసేపు పడుతుంది. అక్కడ రెండు క్షణాలు ఆగి కదలడం అందరికీ అలవాటు చేయండి. దూరం, దగ్గర రెండూ చూపించే కళ్లద్దాలవాళ్లకు మెట్టు దిగేటప్పుడు కింది అద్దంలోంచి నేల మసగ్గా కనిపిస్తుంది. వాళ్లు గడ్డం వంచి పై అద్దంలోంచి చూడాలి. దూరపు చూపుకు మాత్రమే పనికొచ్చే జత ఒకటి నడకకు విడిగా పెట్టుకుంటే ఇంకా మేలు.

దారి ఆకారం

మూడు పార్కులంటే చాలామంది వరుసగా ఒకటి, రెండు, మూడు అని వెళ్లి అదే దారిలో తిరిగొస్తారు. దీంట్లో చిక్కేమిటంటే అందరూ బాగా అలిసేది ఇంటికి అన్నిటికంటే దూరంగా ఉన్నప్పుడు. వీలైతే మధ్య పార్కును స్థావరం చేసుకోండి. అక్కడ బయలుదేరి మొదటి పార్కుకు వెళ్లి రావాలి, కాసేపు కూర్చోవాలి, తర్వాత మూడో పార్కుకు వెళ్లి రావాలి. ఓపిక తక్కువున్నవాళ్లు ఒక చుట్టుతో ఆగిపోయినా ఎవరికీ మొహమాటం ఉండదు, తోడుకు ఒకరు ఉండిపోతే చాలు.

పార్కులు దూరదూరంగా వరుసలో ఉంటే ముందు బస్సులోనో ఆటోలోనో చివరి పార్కుకు వెళ్లి అక్కడి నుంచి ఇంటివైపు నడవండి. నడిచి వెళ్లి బండి ఎక్కి రావడంకంటే ఇది నయం. అలిసిన కాళ్లతో బస్సు కోసం నిలబడే పని తప్పుతుంది, అడుగడుగుకీ ఇల్లు దగ్గరవుతుంది.

వేళల లెక్క

ఒకవైపు నడకకే ఒక ఉదాహరణ చూడండి. మొదటి పార్కుకూ రెండోదానికీ మధ్య 900 మీటర్లు, రెండోదానికీ మూడోదానికీ 1,200 మీటర్లు, మూడు పార్కుల లోపలా కలిపి 1,500 మీటర్లు. మొత్తం 3.6 కిలోమీటర్లు. నిమిషానికి 50 మీటర్ల చొప్పున నడకకే 72 నిమిషాలు. పదేసి నిమిషాల విరామాలు రెండు, అంటే 20. నాలుగు చోట్ల రోడ్డు దాటడానికి రెండేసి నిమిషాలు, అంటే 8. వెరసి 100 నిమిషాలు. దూరం విని ‘గంటలో అయిపోతుంది’ అని ఇంట్లో చెప్పి వచ్చినవాళ్లు అందుకే చివర్లో పరుగులు పెడతారు, పడిపోయేదీ అప్పుడే. ఈ మొత్తం కొత్తవాళ్లకు ఎక్కువే. వాళ్లను మొదటి రెండు వారాలు అరగంట నడకతో మొదలుపెట్టించండి. తర్వాత దూరం పెంచిన వారం వేగం పెంచకండి, ఎత్తున్న దారి కలిపిన వారం దూరం పెంచకండి.

విరామం ఎవరికి దొరుకుతోంది?

బృందాల్లో తరచూ జరిగే తప్పు ఇది. ముందువాళ్లు ఐదు నిమిషాలు ముందుగా బెంచీ చేరతారు, కూర్చుంటారు, నీళ్లు తాగుతారు. వెనకవాళ్లు రొప్పుతూ వచ్చేసరికి ‘హమ్మయ్య, అందరం వచ్చేశాం, పదండి’ అని లేస్తారు. అంటే విశ్రాంతి అవసరం లేనివాళ్లకు ఐదు నిమిషాలు, అవసరమున్నవాళ్లకు సున్నా. ఇలా రెండు బెంచీలు గడిస్తే వెనకవాళ్లు మరుసటి వారం రారు. రానందుకు మోకాలి నొప్పో, చుట్టాలో కారణం చెబుతారు గానీ అసలు సంగతి చెప్పరు.

విరామం లెక్క ఆఖరి మనిషి కూర్చున్న క్షణం నుంచి మొదలవ్వాలి. అందరిలో నెమ్మదిగా నడిచే మనిషిని ముందు నుంచి రెండో స్థానంలో ఉంచితే వేగం దానంతటదే సర్దుకుంటుంది. మరీ ముందు పెడితే ‘నా వల్ల అందరూ ఆలస్యమవుతున్నారు’ అని ఆయనో ఆవిడో శక్తికి మించి నడుస్తారు. చివరన మాత్రం ఓపికున్న మనిషి ఒకరు ఉండాలి, ఆయన్ని దాటి ఎవరూ వెనకబడకూడదు. పన్నెండు మంది దాటితే రెండు గుంపులు చేయండి.

నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడేంత తీరిక ఉండకూడదు. వేగం సరిగ్గా ఉందనడానికి అదే గుర్తు. నాడి లెక్కపెట్టడం అందరికీ పనికిరాదు, గుండెకు వాడే కొన్ని మాత్రలు నాడి వేగాన్ని పెరగనివ్వవు. చివరన నడిచే మనిషి చూడాల్సింది మాటలు తగ్గినవాళ్లను. అప్పటిదాకా కబుర్లు చెప్పిన మనిషి ఒంటి మాట జవాబుల్లోకి దిగితే, వాళ్లు అడగకముందే ఆగిపోండి.

విరామం పది పన్నెండు నిమిషాలు దాటితే కీళ్లు బిగుస్తాయి. లేచేముందు పాదాలను పదిసార్లు పైకీ కిందకీ ఆడించి, లేచాక బెంచీని పట్టుకుని మనసులో పది లెక్కపెట్టి అప్పుడు అడుగు వేయాలి. రక్తపోటు మాత్రలవాళ్లకు ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. వయసు మీదపడ్డాక దాహం సరిగ్గా తెలియదు కాబట్టి ప్రతి బెంచీ దగ్గరా రెండు గుక్కలు తాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

రోడ్డు దాటడం

నడిచేవాళ్ల సిగ్నల్ వ్యవధిని చాలాచోట్ల సెకనుకు 1.2 మీటర్ల నడకను బట్టి లెక్కిస్తారు. చేతికర్రతో నడిచే మనిషి 0.8 మీటర్లు వెళ్లొచ్చు. 12 మీటర్ల రోడ్డు మొదటివారికి 10 సెకన్లు, రెండోవారికి 15. ఆ ఐదు సెకన్లలోనే ఎదురుగా వాహనాలు కదులుతాయి. అందుకే మీరు చేరేసరికి పచ్చ దీపం వెలుగుతూ ఉంటే కదలకండి, అది ఆరి మళ్లీ వెలిగినప్పుడు దిగండి. ఒకరి వెనక ఒకరు కాకుండా పక్కపక్కన రెండు వరుసలుగా దాటితే ఆఖరి మనిషికి సమయం మిగులుతుంది. సగంమంది ఇవతల ఉండిపోతే అవతలివాళ్లు చెయ్యి ఊపి పిలవకూడదు. ఆ పిలుపు చూసే సిగ్నల్ పట్టించుకోకుండా దిగుతారు. ఫుట్‌పాత్ లేని ముక్కలో ఎదురొచ్చే వాహనాలు కనిపించే వైపున ఒకే వరుసలో నడవాలి.

వెంట ఉండాల్సినవి

బూట్లలో బొటనవేలి ముందు వేలి మందం ఖాళీ ఉండాలి, కొనేది సాయంత్రం పూట అయితే మంచిది, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. చేతికర్ర పిడి ఎత్తును బూట్లు వేసుకుని, చేతులు కిందకు వదిలి నిలబడి కొలవాలి, పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దాంతో బరువు ఆ కాలి మీదే పడుతుంది. కర్ర అడుగున రబ్బరు తొడుగు మీది గాడులు అరిగిపోతే తొడుగు మార్చేయాలి, తడి పలకల మీద జారేది అదే.

ప్రతి ఒక్కరి జేబులో ఒక కాగితం: పేరు, జబ్బులు, వేసుకునే మందులు, ఇంట్లోవాళ్ల నంబరు. ఫోనుకు తాళం ఉంటే అందులోని నంబర్లు ఎవరికీ పనికిరావు. మధుమేహం ఉన్నవాళ్ల దగ్గర 15 గ్రాముల గ్లూకోజు పొట్లాలు రెండు. చెమట, వణుకు, తికమక మాటలు మొదలైనా, రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకంటే తగ్గినా, మింగగలిగే స్థితిలో ఉన్నప్పుడే ఒకటి ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి.

ఎవరైనా పడితే వెంటనే రెక్కలు పట్టి లేపకండి, భుజం కీలు తప్పుతుంది. ఎక్కడ నొప్పో అడగండి. తుంటి దగ్గర నొప్పి ఉన్నా, కాలు కదపలేకపోయినా అక్కడే ఉంచి అంబులెన్సు పిలవండి. బాగానే ఉన్నానంటే పక్కకు తిరిగి, మోకాళ్ల మీదికి వచ్చి, బెంచీ పట్టుకుని బలమున్న కాలితో తనంతట తాను లేవనివ్వాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, మూతి వంకరపోవడం, మాట తడబడటం కనిపిస్తే నడక అక్కడే ఆపి అంబులెన్సుకు ఫోన్ చేయండి. మూతి, మాట సంగతైతే మొదలైన వేళ కూడా కాగితం మీద రాయండి, ఆసుపత్రిలో మొదట అడిగేది అదే.

ఇంటికి చేరాక బూట్లు విప్పి పాదాలు చూసుకోవాలి. మధుమేహంతో స్పర్శ తగ్గినవాళ్లకు బొబ్బ లేచినా తెలియదు. చివరన నడిచిన మనిషి ఆఖరివాళ్లు ఏ బెంచీకి ఎన్నింటికి చేరారో ఆ రోజే రాసిపెట్టాలి. మరుసటి వారం వేళలను పాత లెక్క పక్కన పెట్టి ఆ అంకెలతోనే వేసుకోండి.