టర్బో కారుకు స్పార్క్ ప్లగ్గు ఎంచుకోవడం ఎలా

కడప నుంచి రాయచోటికి వెళ్తూ గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుండగా మా బావమరిది టర్బో పెట్రోల్ కారు యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా మిస్సింగ్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఘాటు దిగి చదును రోడ్డు మీదికి రాగానే ఏమీ ఎరగనట్టు సాఫీగా నడిచింది. అంతకు పదిహేను రోజుల ముందే ప్లగ్గులు మార్పించి ఉన్నందువల్ల ఆయన అనుమానమంతా పెట్రోల్ మీదికి పోయింది. విప్పి చూస్తే ప్లగ్గులు కొత్తవే, మసి లేదు, ఖరీదైన ఇరిడియం రకమే. అయితే ఫీలర్ గేజ్ పెట్టి కొలిస్తే గ్యాప్, అంటే నడిమి మొనకూ పక్కనున్న వంపు పట్టీకీ మధ్య నిప్పురవ్వ దూకే ఎడం, 1.1 మిల్లీమీటర్లు ఉంది. ఆ ఇంజిన్‌కు ఉండవలసింది 0.7 నుంచి 0.8 మాత్రమే. దుకాణంలో లోహం పేరు చూసి కొన్నారు గాని, గ్యాప్ సంగతి ఎవరూ అడగలేదు.

టర్బో ఇంజిన్‌లో ఈ గ్యాప్‌కు అంత ప్రాధాన్యం ఎందుకంటే, టర్బో గాలిని ఒత్తిడితో సిలిండర్‌లోకి తోస్తుంది, వాయువు చిక్కబడిన కొద్దీ నిప్పురవ్వ దాన్ని దాటి దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ వోల్టేజీని ఇవ్వడంలో కాయిల్‌కు (ప్లగ్గు మీద కూర్చుని దానికి కరెంటు అందించే భాగం) ఒక హద్దు ఉంటుంది. చదును రోడ్డు మీద తేలిగ్గా నడిపేటప్పుడు బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, తక్కువ కాబట్టి పెద్ద గ్యాప్ కూడా గడిచిపోతుంది. ఘాటు ఎక్కేటప్పుడో, కారు నిండా మనుషులతో లారీని దాటేటప్పుడో లోపం బయటపడుతుంది. అలాగని గ్యాప్‌ను మరీ తగ్గిస్తే రవ్వ చిన్నదై, బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకుతుంది. అందుచేత కారు మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించాలి, వీలైతే ఆ గ్యాప్‌తోనే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్లగ్గును కొనాలి. సరిచేయక తప్పదనుకుంటే పక్కనున్న వంపు పట్టీని మాత్రమే కదిలించాలి. ఇరిడియం ప్లగ్గు నడిమి మొన సన్నగా, పెళుసుగా ఉంటుంది కాబట్టి దానికి పనిముట్టు తగిలితే విరిగిపోయే ప్రమాదముంది.

గ్యాప్ తరువాత చూడవలసింది హీట్ రేంజ్. ప్లగ్గు మొన తన వేడిని ఎంత త్వరగా సిలిండర్ హెడ్‌కు అందిస్తుందో తెలిపే అంకె ఇది. మొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీది మసి తనంతట తానే కాలిపోతుంది. 850 దాటి వేడెక్కితే రవ్వ పడకముందే పెట్రోల్ అంటుకుని పిస్టన్‌కు ముప్పు తెస్తుంది. వేడిని త్వరగా వదిలేది కోల్డ్ ప్లగ్గు, నిలుపుకొనేది హాట్ ప్లగ్గు. ఇక్కడ ఒక చిక్కు ఉంది: ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో అంకె పెరిగితే ప్లగ్గు కోల్డ్ అవుతుంది, బాష్‌లో అంకె పెరిగితే హాట్ అవుతుంది. ఒక కంపెనీ అంకెను పట్టుకుని మరో కంపెనీ పెట్టెలో వెతికితే తలకిందులైన ప్లగ్గు చేతికి వస్తుంది.

మన కర్నూలు, అనంతపురం ఎండలకు ఒక మెట్టు కోల్డ్ ప్లగ్గు వేయాలని కొందరు మెకానిక్‌లు చెబుతారు. ఈ సలహాతో నేను ఏకీభవించను. సిలిండర్‌లో మంట 2000 డిగ్రీలు దాటుతుంది; బయట 30 ఉన్నా 43 ఉన్నా ప్లగ్గుకు అది పెద్ద తేడా కాదు. ట్యూనింగ్ చేయించి బూస్ట్ పెంచినప్పుడే ఒక మెట్టు కోల్డ్ గురించి ఆలోచించాలి. ఊళ్లో రెండేసి కిలోమీటర్లు తిరిగే బండికి అలాంటిది వేస్తే మొన వేడెక్కక మసి పడుతుంది.

ఇక లోహం సంగతి. ఇరిడియం సుమారు 2450 డిగ్రీల దగ్గర, ప్లాటినం సుమారు 1770 దగ్గర కరుగుతాయి, కాబట్టి నికెల్ కంటే నిదానంగా అరుగుతాయి. కంపెనీ ఇరిడియం అడిగిన చోట నికెల్‌తో సరిపెట్టుకుంటే తరచుగా మార్చుకోవలసి వస్తుంది.

పెట్టె మీది కోడ్‌ను చదవడం నేర్చుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. ఎన్‌జీకే వారి బీకేఆర్6ఈ-11 తీసుకుందాం: బీకే అంటే 14 మిల్లీమీటర్ల మర, 16 మిల్లీమీటర్ల పానా, ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని, 6 హీట్ రేంజ్, ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు, చివరి 11 అంటే 1.1 గ్యాప్. మర పొడవు ఎక్కువైతే ప్లగ్గు పిస్టన్‌కు తగలవచ్చు.

దుకాణంలో మోడల్ పేరు ఒక్కటే చెబితే సరిపోదు. పెనుకొండ దగ్గరి కియా కార్ఖానాలో తయారయ్యే సెల్టోస్‌నే చూడండి: అందులో మామూలు పెట్రోల్, టర్బో పెట్రోల్, డీజిల్ మూడూ వచ్చాయి. డీజిల్‌కు స్పార్క్ ప్లగ్గే ఉండదు. ఇంజిన్ రకం, తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబరు చెప్పి పార్ట్ నంబరు రాయించుకోవాలి.

బిగించేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. కాయిల్ తీయగానే ప్లగ్గు గుంతలో మన వైపు ఎర్రదుమ్ము పేరుకుని కనిపిస్తుంది. దాన్ని గాలితో ఊదకుండా ప్లగ్గు విప్పితే అదంతా సిలిండర్‌లోకి జారుతుంది. కొత్త ప్లగ్గును మొదట చేత్తో తిప్పి, తరువాత టార్క్ పానాతో మాన్యువల్‌లోని అంకె వరకు బిగించాలి. విప్పిన ప్లగ్గులను సిలిండర్ల వరుసలోనే పేర్చి పరిశీలించాలి. లేత గోధుమ రంగు ఉంటే ఎంపిక సరైనదే. పొడి మసి ఉంటే ప్లగ్గు మరీ కోల్డ్ అయినా కావాలి, పెట్రోల్ ఎక్కువ పడుతున్నా కావాలి. తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు మెరుస్తుంటే అది పిస్టన్ అల్యూమినియం కావచ్చు. అప్పుడు కొత్త ప్లగ్గులు వేసి బండిని పంపించకుండా, ఇంజిన్ నాక్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి అంటుకుని టకటకమనడం) ఎందుకు చేస్తోందో ముందు పరీక్ష చేయించాలి.