ఏళ్ల తరబడి ఆడిన మొబైల్ గేమ్ మీద మనసు విరిగినప్పుడు ఏం చేయాలి

ఒక మొబైల్ గేమ్‌ను నాలుగైదేళ్లు ఆడినవారికి దానిమీద విరక్తి ఒక్కసారిగా కలగదు. ఆట తెరవగానే వరసగా వచ్చిపడే ఆఫర్లను చదవకుండానే మూసేయడం మొదట అలవాటవుతుంది. ఆ తర్వాత రోజువారీ టాస్కులు తప్పించుకోలేని చాకిరీగా తోస్తాయి. చివరికి కొత్త అప్‌డేట్ వచ్చిందనగానే అందులో ఏముందోనన్న కుతూహలం కంటే ముందు, ఈసారి ఏం కొనమంటారోనన్న అనుమానం పుడుతుంది. ఈ దశకు చేరినవారిలో కొందరు కోపంతో రాత్రికి రాత్రి గేమ్‌ను ఫోన్‌లోంచి తీసేసి, వారం తిరక్కుండా మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటారు. మరికొందరు ఇన్నేళ్ల కష్టం వృథా పోతుందన్న బెంగతో ఇంకొంత డబ్బు పెడతారు. ఈ రెండూ నిలిచే పరిష్కారాలు కావు. ఏళ్లుగా క్లాన్లలో, అంటే కలిసి ఆడే ఆటగాళ్ల బృందాల్లో ఆడుతూ, ఒక క్లాన్‌ను నడుపుతూ, వచ్చినవారినీ వెళ్లిపోయినవారినీ చూసిన అనుభవంతో, తొందరపడకుండా ఈ విషయాన్ని ఎలా తేల్చుకోవచ్చో చెబుతాను. మొత్తం పనికి ఒక నెల కేటాయించండి.

విసుగు ఆట మీదా, అమ్మకం మీదా?

అన్నిటికంటే ముందు ఇది తేలాలి. ఒకే ఆటను ఏళ్లపాటు ఆడితే మొహం మొత్తడం సహజం, దానికి ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. మీరు ఇష్టపడిన ఆట మీ కళ్లముందే మారిపోవడం వేరు.

క్లాష్ రాయల్‌ను చూడండి. 2016 మార్చిలో విడుదలైన, కార్డులతో పోరాడే ఈ గేమ్‌లో చాలాకాలం కార్డుల గరిష్ఠ స్థాయి 13. అది 2021లో 14, 2022లో 15, 2025లో 16 అయింది. మధ్యలో 2023లో కార్డుల శక్తిని ఇంకా పెంచే ఎవల్యూషన్లు వచ్చి చేరాయి. ఏళ్లు వెచ్చించి కార్డులన్నీ మ్యాక్స్ (గరిష్ఠ స్థాయికి) చేసుకున్న ఆటగాడు ఒక ఉదయం లేచేసరికి అతడి కార్డులు మ్యాక్స్ కాకుండా పోతాయి. నైపుణ్యంలో తనకు సమ ఉజ్జీ అయిన ప్రత్యర్థి, కేవలం ఒక స్థాయి ముందుగా పెంచుకున్న కార్డుతో, అతడి టవర్‌ను పడగొడతాడు. అదే సంస్థ తయారుచేసిన క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో 2023 డిసెంబరులో 16వ టౌన్ హాల్‌తో (ఊరి ప్రధాన కట్టడపు కొత్త స్థాయితో) పాటు హీరోలకు ఆయుధ సామగ్రి, దాన్ని పెంచడానికి మూడు రకాల ఖనిజాలు వచ్చాయి. అంతవరకూ ఎవరికీ అవసరం లేని ఒక కొత్త కొరత ఆ రోజు నుంచి ఆటలో భాగమైపోయింది. న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. అదే ఆటలో 2022లో సైన్యం తయారీ ఖర్చునూ, 2025 మార్చిలో తయారీకి పట్టే సమయాన్నీ పూర్తిగా తీసేశారు. కాబట్టి ప్రతి మార్పూ డబ్బు కోసమేనని నేను అనను. అయితే ఉచితంగా ఇచ్చే ఆటకు ముగింపు ఉండదన్నది గుర్తుంచుకోవాలి. అందరూ పైమెట్టుకు చేరిన రోజున కొనేవారు ఉండరు గనుక, పైన ఇంకో మెట్టు కడుతూనే ఉంటారు. మీరు ఎంత కొన్నా అక్కడ కొనడం పూర్తి కాకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, గత వారం ఆటలో మీకు నిజంగా నచ్చిన ఘడియలను ఒక వైపు రాయండి. వార్‌లో (రెండు క్లాన్ల పోరులో) ఎదుటి బేస్‌ను, అంటే ప్రత్యర్థి ఊరిని పావుగంట చూసి వేసిన ప్లాన్, చివరి ఆర్చర్ మిగిలి ఉండగా పూర్తి విజయంగా వచ్చిన మూడు స్టార్లు, క్లాన్ చాట్‌లో ఎవరో పెట్టిన జోకు, ఇలాంటివన్నీ అక్కడికి వస్తాయి. కేవలం పోగొట్టుకోకూడదన్న భయంతో చేసిన పనులను రెండో వైపు రాయండి. పాస్ (డబ్బు కట్టి ఒక సీజన్‌కు తీసుకునే అదనపు బహుమతుల పథకం) గడువు ముగిసేలోగా పాయింట్లు పూర్తి చేయడం, ఉచిత పెట్టె కోసం రోజూ తెరవడం వంటివి అందులోకి వస్తాయి. మొదటి వైపు ఖాళీగా ఉంటే ఆట మానేయవచ్చు. అక్కడ నాలుగైదు మాటలున్నా, ఆటను ఉంచుకుని కొనడం మానేసే ప్రయత్నం చేయదగినదే.

పెట్టిన డబ్బును రూపాయల్లో చూడండి

ఈ పనిని ఎవరూ ఇష్టపడరు, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన ఉన్న మీ ప్రొఫైల్ బొమ్మను నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి, అక్కడి నుంచి బడ్జెట్ అండ్ హిస్టరీలోకి వెళితే ప్రతి కొనుగోలూ తేదీతో సహా కనిపిస్తుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కి, మీడియా అండ్ పర్చేజెస్ ద్వారా అకౌంట్ చూసి, పర్చేజ్ హిస్టరీ తెరవాలి. అయితే లెక్క అక్కడితో పూర్తి కాదు. గేమ్ సంస్థ సొంత వెబ్ స్టోర్‌లో కొన్నవీ, టాప్-అప్ సైట్లలో ఐడీ నంబరు ఇచ్చి వేయించుకున్నవీ అందులో కనిపించవు. వేరే యాప్‌లో కొన్న రిడీమ్ కోడ్‌లకు పెట్టిన డబ్బును ఆ యాప్ బిల్లుల్లోనే వెతకాలి. స్నేహితుడి ఫోన్‌పే నుంచి కట్టించి తర్వాత తిరిగిచ్చినవి మీ బ్యాంక్ ఖాతాలో గేమ్ పేరుతో కనిపించవు, వాటిని గుర్తు తెచ్చుకోవాలి. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లోనూ, యూపీఐ చరిత్రలోనూ ఒక్కో పేరుతో వెతికి అన్నిటినీ ఒకచోట చేర్చండి.

లెక్కను జెమ్స్, యూసీ, డైమండ్స్ వంటి ఆటల సొంత నాణేల్లో వేయకండి. ఆటలో విడిగా ఒక నాణెం పెట్టడంలో ఉద్దేశమే రూపాయి కనబడకుండా చేయడం. ప్యాక్‌లో వచ్చే సంఖ్యకూ, వస్తువు ధరకూ చాలాసార్లు పొంతన కుదరదు. ఏదో ఒకటి కొన్నాక కొంత మిగులుతుంది, ఆ మిగులును వాడుకోవడానికి మరో ప్యాక్ కొనాలనిపిస్తుంది. అందువల్ల సంవత్సరం వారీగా రూపాయల్లోనే రాసి, ప్రతి కొనుగోలు పక్కన అది ఈ రోజుకీ మీకు పనికొస్తోందా లేదా అన్నది ఒక్క మాటలో రాయండి. మూడేళ్ల కిందట పండుగ ఆఫర్‌లో తీసుకున్న స్కిన్‌ను (పాత్రకు వేసే కొత్త వేషాన్ని) ఇప్పటికీ ఇష్టంగా వాడుతుంటే ఆ డబ్బు దండగ కాదు. స్థాయి పెంచడానికి కొన్నవి మాత్రం చాలావరకు తర్వాతి అప్‌డేట్‌తో విలువ కోల్పోయి ఉంటాయి. ఈ తేడా తెలియడమే లెక్క రాయడంలోని ప్రయోజనం. పోయినదాని గురించి బాధపడడం గతజల సేతుబంధనమే అవుతుంది. గూగుల్ ప్లేలో 48 గంటలలోపు చేసిన కొనుగోలుకైతే అక్కడే రీఫండ్ అడగవచ్చు, ఆ గడువు దాటితే గేమ్ సంస్థనే అడగాలి. బ్యాంకులో ఫిర్యాదు చేసి బలవంతంగా డబ్బు వెనక్కి తీసుకుంటే అకౌంట్‌ను నిలిపివేసే ప్రమాదం ఉంది గనుక ఆ తేడా తెలుసుకుని అడుగు వేయండి.

అదృష్టం మీద నడిచే అమ్మకాల లెక్క

గెన్షిన్ ఇంపాక్ట్‌ను ఉదాహరణగా తీసుకుంటే, అత్యంత అరుదైన ఐదు నక్షత్రాల పాత్ర ఒక్కో విష్‌కు, అంటే లాటరీలా తీసే ఒక్కో ప్రయత్నానికి, వచ్చే అవకాశం 0.6 శాతం. ఎంత దురదృష్టవంతుడికైనా 90వ విష్‌లో ఒకటి తప్పక వస్తుంది. ఒక్కో విష్‌కు 160 ప్రైమోజెమ్స్ (ఆ ఆటలోని నాణేలు) కాబట్టి 90కి 14,400 అవుతాయి. అప్పుడు వచ్చింది ప్రకటనలో చూపిన పాత్ర కాకపోతే, దాని కోసం మరోసారి అంతే దూరం వెళ్లవలసి రావచ్చు. అంటే అన్నీ ఎదురుతిరిగితే 180 విష్‌లు, 28,800 ప్రైమోజెమ్స్. ఇలాంటి చోట్ల సగటు ధరను నమ్ముకోకుండా ఈ చివరి సంఖ్యనే ఆ పాత్ర ధరగా భావించి, రూపాయల్లోకి మార్చి, అప్పటికీ కొనాలనిపిస్తుందా అని ఆలోచించండి. గ్యారంటీ లేని స్పిన్‌లు మరీ ప్రమాదకరం. 1 శాతం అవకాశం ఉన్న వస్తువు కోసం 100 సార్లు తిప్పితే తప్పకుండా వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అలా 100 సార్లు తిప్పినవారిలో దాదాపు 37 శాతం మంది ఖాళీ చేతులతోనే మిగులుతారు.

ఈ విషయంలో ప్రభుత్వాలు జోక్యం చేసుకున్న సందర్భాలు ఉన్నాయి. చైనా 2017లోనే ఈ అవకాశాల శాతాలను బయటపెట్టాలని నిబంధన తెచ్చింది. బెల్జియం 2018లో డబ్బుతో కొనే లూట్ బాక్సులను, అంటే లోపల ఏముందో తెరిచాకే తెలిసే పెట్టెలను, జూదంగా పరిగణించింది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందంలో గెన్షిన్ సంస్థ 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా 16 ఏళ్లలోపువారికి లూట్ బాక్సులు అమ్మకుండా ఉండడానికి అంగీకరించింది. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ వంటి వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం కూడా డబ్బు పందెం కాసే ఆటల మీదే గురిపెట్టింది. తిరిగి నగదు రాని మామూలు గేమ్‌ల దుకాణాలు యథాతథంగా తెరిచే ఉన్నాయి. అయితే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో విడుదల చేసిన మార్గదర్శకాలు 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొన్నాయి. లేని తొందరను సృష్టించడం, పదే పదే వేధించడం, సబ్‌స్క్రిప్షన్‌లో ఇరికించడం అందులో ఉన్నాయి. “మరో 2 గంటలే” అన్న ఆఫర్ మర్నాడు అదే గడియారంతో మళ్లీ కనబడితే స్క్రీన్‌షాట్లు తీసి, 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. ఆ శ్రమ తీసుకునేవారు పెరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

చెల్లింపు దారులు మూసేయడం

గేమ్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్ విభాగంలోకి వెళ్లి దాన్ని విడిగా రద్దు చేయాలి. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అన్నచోట ఏ అనుమతులు మిగిలి ఉన్నాయో కూడా చూడండి. ఆ తర్వాత ప్లే స్టోర్‌లో దాచిన కార్డునూ, యూపీఐ ఐడీనీ తీసేసి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. కార్డు కోసం లేచి వెళ్లి, నంబరు చూసి, టైపు చేయవలసి వచ్చే ఆ రెండు నిమిషాల్లో సగం కోరికలు చల్లారిపోతాయి. గేమ్ నోటిఫికేషన్లు పూర్తిగా ఆపేయండి. ఇంట్లో పిల్లలు కూడా ఆడుతుంటే వారి ఫోన్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ ద్వారా కొనుగోళ్లకు మీ అనుమతి తప్పనిసరి చేయండి.

డబ్బు పెట్టకుండా ఒక సీజన్

దారులు మూశాక, ఆటను అలాగే ఉంచి, ఒక పూర్తి సీజన్, అంటే దాదాపు ఒక నెల, పైసా పెట్టకుండా ఆడి చూడండి. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో ఇది సాధ్యమేనని అనుభవజ్ఞులందరికీ తెలుసు. చెట్లూ పొదలూ కొట్టేస్తే జెమ్స్ వస్తాయి, అప్పుడప్పుడు కనిపించే జెమ్ బాక్స్ 25 ఇస్తుంది, అచీవ్‌మెంట్లతో ఇంకొన్ని వస్తాయి. వాటిని అప్‌గ్రేడ్లు త్వరగా పూర్తి చేయడానికి ఖర్చు చేయకుండా కూడబెడితే, 500, 1000, 2000 జెమ్స్ చొప్పున మూడు, నాలుగు, ఐదో బిల్డర్లను (కట్టడాలు పెంచే పనివారిని) రూపాయి పెట్టకుండానే తెచ్చుకోవచ్చు. పాస్ లేకపోతే అప్‌గ్రేడ్లు నెమ్మదిస్తాయి. నెమ్మదించడం వల్ల మీకు చిరాకు పుడుతోందా, లేక ప్రాణం తేలికపడిందా అన్నది ఆ నెలలో స్పష్టంగా తెలిసిపోతుంది. అటాక్ చేయడంలోని ఆనందం అలాగే ఉంటే ఉచితంగానే కొనసాగండి. అది కూడా లేదనిపిస్తే మీ సందేహం తీరినట్టే.

క్లాన్‌కు చెప్పి వెళ్లండి

గేమ్ సంస్థకు మీరు ఏమీ బాకీ లేరు గానీ, క్లాన్‌లోవారి విషయం అలా కాదు. హైదరాబాద్‌లో ఒకరు, దుబాయ్‌లో ఒకరు, డల్లాస్‌లో ఒకరు ఉండే తెలుగు క్లాన్లలో, ఇక్కడివాళ్లు నిద్రపోయే వేళ ట్రూప్స్ డొనేట్ చేసి వార్‌ను కాపాడేది అక్కడివాళ్లే. అందుకని వార్ జరుగుతుండగా వెళ్లవద్దు. నెల మొదట్లో జరిగే క్లాన్ల లీగ్‌లో పేరు ఇచ్చి ఉంటే ఏడు రోజులూ మీ అటాక్‌లు పూర్తి చేయండి. మీరే లీడర్ అయితే బోనస్ మెడల్స్ పంచాక, నమ్మకమైన కో-లీడర్‌ను లీడర్‌గా ప్రమోట్ చేయండి. చెప్పే మాట క్లుప్తంగా ఉండాలి. “అన్నా, ఈ లీగ్ అయ్యాక ఆపేస్తున్నాను. క్లాన్‌ను మీరే చూసుకోవాలి. వార్ రోస్టర్ గ్రూప్‌లో పెట్టాను, కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు బేస్ లింకులు కూడా అక్కడే ఉన్నాయి” అంటే చాలు. ఆట ఎంత చెడిపోయిందో అప్పుడు ఉపన్యసించనక్కర్లేదు. ఇంకా ఇష్టంగా ఆడుతున్నవారి సంతోషాన్ని పాడుచేయడం న్యాయం కాదు. మాటా మంతీ మిగలాలనుకుంటే ముందే వాట్సాప్ నంబర్లు తీసుకోండి.

అకౌంట్ ఏం చేయాలి?

అమ్మవద్దు. పెట్టిన డబ్బులో కొంతైనా వస్తుందన్న ఆశ సహజమే గానీ, అకౌంట్ అమ్మకాలు ఇలాంటి ఆటల నిబంధనలకు విరుద్ధం. పైగా మీ ఈమెయిల్, కొనుగోలు రసీదులు అపరిచితుల చేతికి వెళతాయి, డబ్బు ఇవ్వకుండా అకౌంట్ మాత్రం లాక్కునేవారు కోకొల్లలు. నిశ్చయంగా మానేస్తే, ఆట సెట్టింగ్స్‌లోని హెల్ప్ విభాగం ద్వారా తొలగింపు కోరవచ్చు. అంత నిశ్చయం లేకపోతే గేమ్‌ను ఫోన్‌లోంచి తీసేసి ఆరు నెలలు ఆగండి, సాధారణంగా బేస్ ఎక్కడికీ పోదు. తర్వాత ఎప్పుడైనా మళ్లీ తెరిచారా, పాత ఆటగాళ్లను రప్పించడానికే తయారుచేసిన చౌక ప్యాక్‌లు ఎదురయ్యే అవకాశం ఎక్కువ. మొదటి వారం రోజులూ ఏ ప్యాక్ జోలికీ వెళ్లకుండా కేవలం అటాక్‌లు చేసి చూడండి, కార్డు నంబరు మాత్రం ఫోన్‌లో మళ్లీ ఎక్కించవద్దు.