పామాయిల్ పండ్లతో నైజీరియా ఓఫె అక్వు: తోట గెల నుంచి అన్నం కంచం దాకా

కిరాణా కొట్లో దొరికే పామాయిల్ ప్యాకెట్‌తో నైజీరియా ఎర్రనూనె (శుద్ధి చేయని పామాయిల్) కూరలు వండాలని చూడకండి. అది శుద్ధి చేసిన నూనె. ఫ్యాక్టరీలో రంగు తీసేసి, 200 డిగ్రీలు దాటిన వేడి మీద వాసన కూడా పోగొట్టాకే ప్యాకెట్లోకి వస్తుంది. ఆ కూరలకు కావాల్సిన రంగూ వాసనా రెండూ అందులో ఉండవు. పసుపు కలిపితే రంగు వస్తుందేమో గానీ రుచి మాత్రం రాదు.

విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి దారి ఉంది. పామాయిల్ తోటలు పక్కనే ఉన్నాయి. ఆ చెట్టు సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికానే. పండు చేతికొస్తే నూనె కొనే పనే లేదు, పండునుంచే కూర దిగుతుంది. ఆ కూరను నైజీరియా ఆగ్నేయ ప్రాంతపు ఇగ్బో వాళ్లు ఓఫె అక్వు అంటారు. ఓఫె అంటే పులుసులాంటి కూర, అక్వు అంటే పామ్ పండు. నైజర్ డెల్టా వైపు ఇలాంటిదాన్నే బంగా అంటారు గానీ అందులో వేసే మసాలా దినుసులు మనకు దొరకవు. పైగా ఓఫె అక్వును అక్కడివాళ్లు అన్నంలో కలుపుకుని తింటారు. అందుకే ఇక్కడ ఇగ్బో పద్ధతే చెబుతున్నాం.

ఐదారుగురికి కిలో పామ్ పండ్లు, అరకిలో మేక మాంసం, అరకిలో ముళ్లు తక్కువుండే చేప, గుప్పెడు ఎండు నెత్తళ్లు, రెండు పెద్ద చెంచాల ఎండు రొయ్యల పొడి, రెండు ఉల్లిపాయలు, కారాన్నిబట్టి నాలుగైదు పచ్చిమిరపకాయలు, ఉప్పు, గుప్పెడు సువాసన ఆకు (మనకైతే రుద్రజడ ఆకు) కావాలి. అంతే. చింతపండు, పసుపు, అల్లంవెల్లుల్లి, ధనియాల పొడి ఏవీ లేవు. పోపు అసలే లేదు. చేయి ఊరుకోక చింతపండు పిసికితే అది మన పులుసవుతుంది, ఓఫె అక్వు కాదు.

పండ్ల కోసం రైతును గెల మొత్తం అడగక్కర్లేదు. గెల కోసేటప్పుడు కింద రాలే పండ్లు చాలు, నిజానికి అవే బాగా పండినవి. నారింజ ఎరుపు రంగులో ఉండాలి. గోటితో గిచ్చితే నూనె తడి తగలాలి. నల్లగా, గట్టిగా ఉన్నవి వద్దు. దెబ్బ తగిలి మెత్తబడినవి, రెండు మూడు రోజులుగా నేలమీద పడున్నవి అసలే వద్దు. పండు నలిగిన దగ్గర్నుంచి అందులోని ఎంజైమ్ నూనెను విరగ్గొట్టి ఆమ్లంగా మారుస్తుంది, కూర గొంతులో గరగరమంటుంది. ఉడకబెడితేనే ఆ ఎంజైమ్ చస్తుంది. కాబట్టి తెచ్చిన రోజే పొయ్యి మీద పెట్టేయండి. ఈమధ్య మందు కొట్టారా అని కూడా ఒక మాట అడగండి.

తొడిమ దగ్గరి ముచికలు పీకి, మట్టి పోయేదాకా మూడు నీళ్లు కడగండి. మామూలు గిన్నెలో మునిగేలా నీళ్లు పోసి ముప్పావుగంట, కుక్కర్లో అయితే మొదటి కూత తర్వాత మంట తగ్గించి ఇరవై నిమిషాలు ఉడికించాలి. కుక్కర్ సగానికి మించి నింపొద్దు. ఒక పండు తీసి వేళ్లతో నొక్కితే గుజ్జు పీచులు పీచులుగా టెంకనుంచి ఊడిరావాలి. ఊడకపోతే ఇంకో పది నిమిషాలు ఉంచండి. సగం ఉడికిన పండును ఎంత దంచినా రసం దిగదు. ఈ వంట చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఉడికిన నీళ్లు పారబోయండి.

వేడి మీదే రోట్లో వేసి దంచాలి. రోకలికి పొన్ను ఉన్న వైపు కాకుండా వట్టి కర్ర వైపు వాడండి, పోటు మెల్లగా పడనివ్వండి. మన తోటల్లో ఉన్నది టెనెరా అనే సంకర రకం, దాని టెంక పలచన. గట్టిగా పోటేస్తే టెంక పగిలి పెంకులు గుజ్జులో కలుస్తాయి, తినేటప్పుడు పంటికింద పడతాయి. మిక్సీ గిన్నె సంగతి ఇక చెప్పక్కర్లేదు. గుజ్జంతా వదిలాక టెంకలు చేత్తో ఏరేయండి.

దీన్నుంచి రసం తీయడం కొబ్బరిపాలు తీసినట్టే, తేడా అల్లా నీళ్ల వేడిలో ఉంది. చేయి పట్టగలిగినంత వేడినీళ్లు లీటరు పోసి పిసికి, పిండి జల్లెడలో వడకట్టాలి. ఆ పిప్పికి మళ్లీ అరలీటరు పోసి పిసకాలి. చన్నీళ్లు పోస్తే నూనె పేరుకుని పీచుకే అంటుకుపోతుంది, చలికాలంలో అయితే మరీను. వచ్చిన రసాన్ని ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, పైది మాత్రం వంచుకోండి. అడుగున మిగిలిన చెంచాడు మడ్డిలో ఇసుకా పెంకు ముక్కలూ ఉంటాయి. ఆ చెంచాడు మీద ఆశపడి కూరంతా పాడు చేసుకోవద్దు. పాత బట్టలు కట్టుకోండి. ఈ మరక సబ్బుకు సరిగ్గా పోదు గానీ, ఉతికి ఎర్రటి ఎండలో ఆరేస్తే చాలావరకు వెలుస్తుంది.

రసం వెడల్పు గిన్నెలో పోసి, మూత పెట్టకుండా మరిగించాలి. మొదటి పది నిమిషాలూ పాలలా పొంగుతుంది, పక్కనే ఉండండి. సన్నని గుజ్జు అడుగంటకుండా గరిటె ఆడిస్తూ ఉండాలి. అరగంటకు పచ్చివాసన పోయి, లీటరున్నర రసం ముప్పావు లీటరు దాకా దిగి, పైన ఎర్రనూనె తెట్టు కడుతుంది. నైజీరియా వంటవాళ్లు ఈ కూరకు నాటు పండునే ఇష్టపడతారు. దానికి టెంక పెద్దది, నూనె తక్కువ. మన టెనెరాలో నూనె బాగా ఎక్కువ కాబట్టి, పైకి తేలినదాంట్లో సగానికి పైగా గరిటెతో తీసి వేరే గిన్నెలో పోయాలి. తీయకపోతే రెండు ముద్దలకే మొహం మొత్తుతుంది.

ఈలోగా మాంసాన్ని ఒక ఉల్లిపాయ, కొంచెం ఉప్పు, రెండు గ్లాసుల నీళ్లతో మెత్తగా ఉడికించి, ఉడికిన నీళ్లు దాచండి. అక్కడ ఇందులో పొగబెట్టిన చేప, నార్వే నుంచి వచ్చే ఉప్పులేని ఎండు కాడ్ చేప వేస్తారు. భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి రేవుల్లో దొరికే మన ఎండు చేపకు చాలావరకు ఉప్పు పట్టించి ఉంటుంది. నెత్తళ్ల తలలు తుంచి, వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, నీళ్లు రెండుసార్లు మార్చండి. పొగ వాసన కోసం ఇంకో పని చేయాలి. పచ్చి చేపకు ఉప్పు రాసి, బొగ్గుల నిప్పు మీద తోలు ఎండి మచ్చలు పడేదాకా తిప్పుతూ కాల్చండి. గ్యాస్ మంట మీద కాలిస్తే తోలు మాడుతుందే గానీ పొగ పట్టదు.

చిక్కబడ్డ రసంలో మాంసం, ఒక గ్లాసు మాంసం నీళ్లు, నెత్తళ్లు, రొయ్యల పొడి, కచ్చాపచ్చాగా దంచిన ఉల్లి మిరప వేసి మధ్యస్థంగా మంట పెట్టి పదిహేను నిమిషాలు ఉడికించండి. కాల్చిన చేప ముక్కలు ఆఖరి ఐదు నిమిషాలకు వేస్తే చితకవు. ఉప్పు ఇప్పుడు చూసి వేయాలి, ముందే వేస్తే ఎండు చేపల ఉప్పు తోడై చేయి దాటుతుంది. గరిటె వెనక వైపు పల్చటి పొరలా అంటేంత చిక్కదనం సరిపోతుంది. నూనె అంతా విడిపోయి కింద ముద్దలా మిగిలితే మరీ ఎక్కువ మరిగిందని అర్థం. అరగ్లాసు వేడినీళ్లు పోసి కలిపితే దారికొస్తుంది. నీళ్లగా ఉంటే పిండి కలపొద్దు, ఇంకాస్త మరగనివ్వండి.

చివర వేసే ఆకు పేరు ఇగ్బోలో న్చాన్వు. తులసి కుటుంబానిదే, పెద్ద ఆకులు, లవంగం ఘాటు. చేపల కూరలో తులసి వేయడానికి మనసొప్పని ఇళ్లు మన దగ్గర చాలా ఉంటాయి, ఒప్పించాల్సిన అవసరమూ లేదు. సబ్జా గింజలిచ్చే రుద్రజడ మొక్క ఆకు సన్నగా తరిగి వేసినా కూర బాగానే ఉంటుంది. ఆకు వేసి రెండు నిమిషాలకు దించేయాలి. ఎక్కువ ఉడికితే వాసన ఆవిరితో పోతుంది.

అక్కడ తినేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. మన మామూలు అన్నం అయితే కాస్త పలుకుగా వండుకోండి. ముద్దతో తినాలనుకుంటే చోడి (రాగి) పిండి ముద్ద బాగుంటుంది. అక్కడివాళ్లు దంచే యామ్ అనే దుంపను మన కంద అనుకుని కొనకండి, ఆ రెంటికీ చుట్టరికం లేదు. యామ్‌కు దగ్గరి బంధువు పెండలం (కర్రపెండలం కాదు), కాకపోతే మన పెండలంలో నీరు ఎక్కువ కాబట్టి దంచిన ముద్ద కొంచెం జారుగా వస్తుంది.

తీసి పక్కన పెట్టిన ఎర్రనూనెను సన్నని సెగ మీద చిటపటలు ఆగేదాకా కాచండి. ఆ చప్పుడు అందులో మిగిలిన నీటిది, అది పోకపోతే నూనె త్వరగా ముక్కిపోతుంది. పలచని బట్టలో వడగట్టి, తడిలేని సీసాలో పోసి వెలుతురు తగలని చోట పెట్టండి. చలికాలంలో నెయ్యిలా పేరుకుంటుంది, పాడైందని పారబోయకండి. ఈ నూనెలో ఉల్లిపాయ వేయించి, పొడికొట్టిన పుచ్చపప్పు గ్లాసుడు, మాంసం నీళ్లు పోసి ఉడికించి, ఆఖర్న గుమ్మడాకు వేస్తే అది ఎగుసి కూర. ఎగుసి అంటే పుచ్చ జాతి గింజే కాబట్టి, కిరాణా కొట్టు పుచ్చపప్పుతో రుచి పెద్దగా తేడా రాదు.