ఆరోగ్య శాఖకు సొంత బుర్ర ఉండాలంటే

మీ రాష్ట్ర ఆరోగ్య శాఖలో పాలసీ సెల్, అంటే ఏ పథకానికి ఎంత ఖర్చు, ఎంత లాభం అని శాఖలోనే ఉండి లెక్క కట్టే చిన్న బృందం, పెట్టే పని మీ నెత్తిన పడిందనుకోండి. మామూలుగా అందరూ ముందు కన్సల్టెన్సీకి టెండర్ పిలుస్తారు, మీరు మాత్రం ఆగండి. వాళ్లు రంగుల గ్రాఫులతో రిపోర్టు ఇచ్చి వెళ్లిపోతారు, ఆర్నెల్ల తర్వాత ఆర్థిక శాఖ ఒక్క ప్రశ్న వేస్తే జవాబు చెప్పే మనిషి ఆఫీసులో ఉండడు.

థాయిలాండ్ ఎలా చేసిందో చూడండి. 30 బాట్లకే (బాట్ అక్కడి కరెన్సీ) వైద్యం అనే పథకం 2002 కల్లా దేశమంతా వచ్చింది. అందరూ అప్పటి ప్రధాని థాక్సిన్ ఎన్నికల హామీ అంటారు, నిజమే, కానీ అక్కడ ఆరోగ్య వ్యవస్థల పరిశోధన సంస్థ 1992లోనే పుట్టింది, డాక్టర్ సంగువాన్ లాంటివాళ్లు శాఖలోనే ఉంటూ ఏళ్ల తరబడి లెక్కలు కట్టారు. నాయకుడికి నినాదం కావాల్సిన రోజున వీళ్ల దగ్గర లెక్క రెడీగా ఉంది.

కాబట్టి ముందు ఒక ప్రశ్న ఎంచుకోండి, ఒక్కటే. 'ఆరోగ్య వ్యవస్థ బలోపేతం' ప్రశ్న కాదు, బ్యానర్ మీద రాసుకునే మాట. 'డయాలసిస్ ఇంట్లో చేసుకుంటే మనిషికి ఏడాదికి ఎంత, ఆస్పత్రిలో అయితే ఎంత' అనేది ప్రశ్న. మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీనే తీసుకుంటే, ఒక్కో ప్యాకేజీ రేటు (ఒక్కో చికిత్సకు ఆస్పత్రికి ఇచ్చే మొత్తం) ఏ లెక్కతో వచ్చిందని అడిగి చూడండి. ఆ జవాబు వెతకడంతోనే సెల్‌కి సగం పని దొరుకుతుంది.

తర్వాత మనుషులు. అసలు కష్టం ఇక్కడే. ఒక డాక్టరు, ఒక ఆర్థికవేత్త, లెక్కలు తెలిసిన ఒకరు, వీళ్లతో పాటు ఫైలు ఏ టేబుల్ దగ్గర ఆగుతుందో తెలిసిన పాత సెక్షన్ ఆఫీసర్ (ఈయన్ని మర్చిపోతే మిగతా ముగ్గురూ వేస్ట్). సెక్రటరీలు బదిలీ అవుతూనే ఉంటారు, వీళ్లు కదలకూడదు. థాయిలాండ్ కుర్ర డాక్టర్లను పీహెచ్‌డీకి విదేశాలకు పంపి, తిరిగొచ్చాక పని చేసే చోటు కూడా చూపించింది. ఛత్తీస్‌గఢ్ 2002లో ఇంకో దారి పట్టింది, ప్రభుత్వానికి దగ్గరగానే ఉన్నా సర్వీస్ రూల్స్‌లో ఇరుక్కోని ఒక రిసోర్స్ సెంటర్ పెట్టింది. అక్కడి ఊళ్లలో ఆరోగ్య పని చేసే మహిళలు, మితానిన్ కార్యకర్తల వెనక ఉన్నది అదే, ఆ అనుభవం తర్వాత దేశమంతటికీ ఆశా వర్కర్ల రూపంలో పనికొచ్చింది.

సెల్‌కి 'వద్దు' అని చెప్పే హక్కు ముందే రాయించుకోండి. ఏ మందు, ఏ చికిత్స పెట్టిన ఖర్చుకు తగినదో తేల్చడానికి హైటాప్ అని 2007లో థాయిలాండ్ పెట్టిన సంస్థ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాకు అప్పటి ధర గిట్టుబాటు కాదని తేల్చింది. టీకా మంచిదే, ధరే ఎక్కువ. ధర దిగొచ్చాక 2017లో ఐదో తరగతి అమ్మాయిలకు వేయడం మొదలుపెట్టారు. బేరమాడాలంటే చేతిలో లెక్క ఉండాలి మరి.

అలాగని లెక్కే దేవుడు కాదు. థాయిలాండ్‌లోనే డయాలసిస్ గిట్టుబాటు కాదని లెక్క చెప్పినా, కుటుంబాలు అప్పుల్లో మునుగుతున్నాయని 2008లో దాన్ని పథకంలో చేర్చారు, కాకపోతే ముందు ఇంట్లో చేసుకునే పద్ధతే అన్నారు. మీ నోట్‌లో కూడా ఈ రెండూ విడివిడిగా రాయండి: ఖర్చు ఎంత, ఇవ్వకపోతే ఎవరు మునుగుతారు.

మొదటి నోట్ నాలుగు పేజీలు దాటనివ్వకండి, సెక్రటరీకి పంపే ముందు ఆర్థిక శాఖలో ఎవరికైనా చూపించండి, వాళ్లు ఎక్కడ పెన్ను ఆపుతారో అక్కడ మళ్లీ లెక్క కట్టుకోండి.