గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఫర్మ్‌వేర్ సంగతి చూసుకోండి

లినక్స్‌ని సోర్సు తెరిచి ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే నడపాలనుకునేవాళ్లు “డ్రైవర్ ఓపెన్‌సోర్సే కదా” అని కార్డు కొనేస్తే సగమే చూసినట్టు. లినక్స్ గుండెకాయైన కెర్నల్‌లోని డ్రైవర్, దానిపైన త్రీడీ గీయించే మెసా లైబ్రరీ, కార్డులోకి ఎక్కి లోపలే నడిచే చిన్న ప్రోగ్రాం ఫర్మ్‌వేర్ అని మూడున్నాయి. ఏఎండీలో మొదటి రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, ఫర్మ్‌వేర్‌కి మాత్రం సోర్సు ఇవ్వరు. అది లేకుండా త్రీడీ నడవదు. ఎన్విడియా 2022లో కెర్నల్ మాడ్యూళ్ల సోర్సు బయటపెట్టింది గానీ, పైనుండే ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్), క్యూడా (CUDA, కార్డుతో లెక్కలు చేయించేది) భాగాలు, కార్డులోని జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ ఫర్మ్‌వేర్ ఇంకా మూసే ఉన్నాయి.

గేములు ఆడనివాళ్లకి విడి కార్డే దండగ. ఇంటెల్ ఐదో తరం వరకు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఏ ఫర్మ్‌వేరూ అడగదు. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో సెకండ్‌హ్యాండ్ ఐ5-4570 డెస్క్‌టాప్ దొరికితే తీసేసుకోవచ్చు. ఆరో తరంలో ఫర్మ్‌వేర్ లేకున్నా తెర, త్రీడీ పనిచేస్తాయి. కరెంటు ఆదా తగ్గుతుంది.

విడి కార్డే కావాలంటే ఎన్విడియా పాత కార్డుల్లో కెప్లర్ తరం చూడండి, మూసిన ఫర్మ్‌వేర్ లేకుండానే నూవో అనే స్వేచ్ఛా డ్రైవర్‌తో నడుస్తుంది. 900 సిరీస్ నుంచి ఎన్విడియా సంతకమున్న ఫర్మ్‌వేర్ తప్పనిసరి. కెప్లర్‌లో చవకైనవాటిలో ఒకటి జీటీ 730, కానీ ఆ పేరుతో రెండు రకాలు తిరుగుతున్నాయి. 128 బిట్ అని షాపువాడు గొప్పగా చూపించే డీడీఆర్3 కార్డు కెప్లర్‌కి ముందరి ఫెర్మీ తరానిది, అందులో 96 కోర్లే. మీకు కావాల్సింది 64 బిట్, 384 కోర్ల జీకే208 (GK208) చిప్ ఉన్నది.

డబ్బా మీది రాత నమ్మకండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే చేసిన ట్రిస్కెల్ లినక్స్ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి, సంతకం లేని సిస్టమ్‌ని అడ్డుకునే సెక్యూర్ బూట్ ఆపించి షాపులోనే బూట్ చేయించండి. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ, హైఫన్ ఎన్ఎన్‌కే (lspci -nnk) కొడితే జీకే208 అనీ, వాడుతున్న డ్రైవర్ నూవో అనీ కనబడాలి. జీఎఫ్108 (GF108, ఆ ఫెర్మీ చిప్) అని వస్తే వెనక్కిచ్చేయండి. ఆపైన జీఎల్ఎక్స్‌ఇన్ఫో, హైఫన్ పెద్ద బీ (glxinfo -B) కొట్టండి. రెండరర్ దగ్గర ఎల్ఎల్‌వీఎం‌పైప్ అని ఉంటే బొమ్మ గీస్తున్నది కార్డు కాదు, ప్రాసెసరే. ఆ కమాండ్ లేకపోతే మెసా-యుటిల్స్ ప్యాకేజీ వేయాలి.

ఇంటికొచ్చాక కార్డు నత్తనడక నడిస్తే కంగారు వద్దు. నూవో దాన్ని తక్కువ క్లాక్‌లోనే వదిలేస్తుంది. రూట్‌గా, అంటే అడ్మిన్ హక్కులతో, కెర్నల్ లోపలి వివరాలు చూపే డీబగ్‌ఎఫ్ఎస్ (debugfs)లోని పీస్టేట్ (pstate) ఫైలు చదివి, అందులోని క్లాక్ మెట్ల జాబితాలో ఒక్కో మెట్టే అదే ఫైల్లోకి రాస్తూ పైకెళ్లండి. తెర బిగుసుకుపోతే రీస్టార్ట్ చేయండి, మళ్లీ తక్కువ క్లాక్‌కే వస్తుంది. పై మెట్టు సున్నా-ఎఫ్ (0f, అంటే మామూలు లెక్కలో 15) నిలకడగా ఉంటే, nouveau.config=NvClkMode=15 అని బూట్‌లో కెర్నల్‌కి ఇచ్చే లైనులో చేర్చండి, ప్రతి బూట్‌కీ ఈ పని తప్పుతుంది. వీడియో డీకోడ్‌కి మాత్రం ఈ కార్డుల్లోనూ మూసిన ఫర్మ్‌వేరే కావాలి, ఆ భారం ప్రాసెసర్ మీదే వదిలేయండి.