బడే కా ఖీమా (బీఫ్ ఖీమా), టోర్టిల్లాలు (మెక్సికో వాళ్ల పల్చటి రొట్టెలు) ఉంటే రాత్రి డిన్నర్ అయిపోయినట్టే

ముందే చెప్పేస్తున్నా, ఇందులో కిటుకు ఒక్కటే: ఖీమాలో తడి ఉండకూడదు. మిగతాదంతా మీ ఇష్టం.

నలుగురికి అరకిలో ఖీమా, 8 టోర్టిల్లాలు, ఒక కప్పు చీజ్ తురుము సరిపోతాయి. మనం చేసేది మెక్సికో వాళ్ల కేసడియా, అంటే టోర్టిల్లాలో చీజ్ పెట్టి మడిచి కాల్చేది. అక్కడ మొక్కజొన్న పిండివీ, గోధుమ పిండివీ రెండు రకాల టోర్టిల్లాలూ వాడతారు కానీ ఈ వంటకి మన సూపర్ మార్కెట్లలో దొరికే మైదావే నయం, మడిస్తే విరగవు. ప్యాకెట్ దొరక్కపోతే పల్చగా ఒత్తిన చపాతీ పర్లేదు. రుమాలీ రోటీ జోలికి మాత్రం వెళ్లొద్దు, చీజ్ కరిగేలోపే చిరిగిపోతుంది.

హైదరాబాద్‌లో బీఫ్ అంటే ఎక్కువగా దున్న మాంసమే, షాపులో "బడే కా ఖీమా" అంటే చాలు. మిషన్లో రెండుసార్లు వేయమనండి. ముతకగా ఉంటే ఉడకడానికి టైం పడుతుంది, పైగా మడతలోంచి జారిపోతుంది. ఇంట్లో బీఫ్ తినకపోతే ఛోటే కా, అంటే మటన్ ఖీమాతో కూడా ఇదే పద్ధతి. కడిగే అలవాటున్నవాళ్లు జల్లెడలో కడిగి, కాసేపు వదిలేసి, చేత్తో గట్టిగా పిండండి.

వెడల్పాటి మూకుడు బాగా వేడెక్కాక రెండు స్పూన్ల నూనె వేసి ఖీమా పరిచేయండి. నీరు ఊరుతుంది. అప్పుడే మూత పెట్టారో, ఇక వేగదు, ఆ నీళ్లలోనే ఉడికి బూడిద రంగుకి వస్తుంది. పెద్ద మంట మీద నీరంతా ఇగిరిపోయి, బుడబుడ శబ్దం పోయి చిటపటలు మొదలై, అడుగున గోధుమ రంగు అంటుకునేదాకా ఓపిక పట్టండి. రుచంతా అక్కడే ఉంది. ఇప్పుడు సన్నగా తరిగిన ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు, ఒక్క టమాటా. పిజ్జాతో వచ్చిన ఒరెగానో ప్యాకెట్లు ఎక్కడో మూలన పడి ఉంటాయిగా, ఒకటి చల్లేయండి. గరం మసాలా వద్దు, వేస్తే లుఖ్మీలో (హైదరాబాదీ చదరపు సమోసాలో) పెట్టే ఖీమా అయిపోతుంది (అదీ బాగుంటుంది, కానీ ఇంకో రోజు).

సన్న మంట మీద మూత పెట్టి పావుగంట మగ్గనిచ్చి, మూత తీసి మళ్లీ తడారేదాకా వేయించండి. లోపల ఎక్కడా పచ్చిగా ఉండకూడదు, ఎందుకంటే మాంసం మిషన్లో పడ్డప్పుడు పైనున్న క్రిములు లోపలికంతా కలిసిపోతాయి. ఉడికించిన రాజ్మా ఉంటే గుప్పెడు మెదిపి కలపండి, ఖీమా పొడిపొడిగా రాలిపోకుండా పట్టి ఉంచుతుంది.

పెనం మీద టోర్టిల్లా వేసి, సగం వైపు చీజ్, దాని మీద కాస్త చల్లారిన ఖీమా, పైన మళ్లీ చీజ్ వేసి మడిచేయండి. కిందా పైనా చీజ్ ఉంటేనే అంటుకుంటుంది. ఎక్కువ కూరితే తిప్పేటప్పుడు సగం పెనంలోనే ఉండిపోతుంది. నూనె అక్కర్లేదు, సన్న మంట మీద ఒక్కో వైపు రెండు నిమిషాలు. దించగానే కోయకుండా ఒక నిమిషం ఆగండి, లేకపోతే చీజ్ అంతా కారిపోతుంది.

పక్కన గట్టి పెరుగులో నిమ్మరసం, ఉప్పు కలిపి పెట్టండి, కచుంబర్ (ఉల్లి, టమాటా ముక్కల సలాడ్) ఎలాగూ చేస్తారు.

ఖీమా మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే బాగా వేడి చేసి ఖిచిడీ, ఖట్టాతో (చింతపండు పులుపుతో చేసే పల్చటి పచ్చడితో) తినేయండి.