ఉగాది దాకా రెండు పుస్తకాలు, రెండు వంటలు: కొత్త ఏడాది తీర్మానాలు ఎలా పెట్టుకోవాలి?

డిసెంబరులో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శన నుంచి మోసుకొచ్చిన సంచి చాలా ఇళ్లలో విప్పకుండానే ఉండిపోతుంది. ఒక ఏడాది నా సంచి మరుసటి ప్రదర్శన దాకా మూలనే కూర్చుంది. ఆ జనవరి 1న డైరీలో ‘50 పుస్తకాలు, వారానికో కొత్త వంట’ అని ఎర్ర సిరాతో రాసుకున్నాను. వంటల కోసం ఓవెన్ కూడా కొన్నాను. సంక్రాంతి సకినాల డబ్బా ఖాళీ అయ్యేసరికి తీర్మానమూ ఖాళీ అయింది. ఓవెన్‌లో ఇప్పుడు బిస్కట్ ప్యాకెట్లు పెట్టుకుంటున్నాం. చీమలు పట్టడం లేదు, అదొక్కటే లాభం.

ఆరంభశూరత్వం అని ఇంట్లో అందరూ అన్నారు. కాదనను. కానీ వారానికో పుస్తకం చదవాలంటే రోజుకు ఎన్ని పేజీలు తిరగేయాలో కూడా చూడకుండా రాసుకున్న లెక్క అది. ఈసారి లెక్కతోనే మొదలుపెడదాం.

1. గడువు ఉగాదికి పెట్టుకోండి

మనకు ఏడాదికి రెండు కొత్త సంవత్సరాలు. జనవరి 1 పోతే ఉగాది ఉంది. 2026లో ఉగాది మార్చి 19న వస్తోంది. అంటే జనవరి 1 నుంచి సరిగ్గా 11 వారాలు, మధ్యలో 11 ఆదివారాలు. పన్నెండు నెలల తీర్మానం కంటికి ఆనదు; పదకొండు వారాలంటే వేళ్లమీద లెక్కపెట్టుకోవచ్చు. ఇందులో సంక్రాంతికి ఊరు వెళ్లే వారాన్ని ముందే కొట్టేయండి. మహాశివరాత్రి ఫిబ్రవరి 15, ఆదివారం. ఉపవాసం ఉండే ఇళ్లలో ఆ రోజు వంట లేదు. జాగరణ ఉంటే మాత్రం చదవడానికి అంతకంటే మంచి రాత్రి దొరకదు.

2. పుస్తకాలు కాదు, పేజీలు లెక్కపెట్టండి

రోజుకు పది పేజీలు చాలు. 77 రోజులకు 770 పేజీలు. పెళ్లిళ్లు, జ్వరాలు, క్రికెట్ మ్యాచ్‌లు పోను 500 మిగిలినా 250 పేజీల పుస్తకాలు రెండు పూర్తవుతాయి. నిరుడు ఒక్కటీ చదవనివారికి రెండు తక్కువేమీ కాదు.

ఆ పది పేజీలు ఎప్పుడు చదవాలో ముందే తేల్చుకోండి. ‘తీరిక దొరికినప్పుడు’ అనుకుంటే ఆ తీరిక ఫోను పాలవుతుంది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వైపు మెట్రోలో వెళ్లేవారికి పోతూ వస్తూ బోలెడు సమయం. అమీర్‌పేటలో రైలు మారాల్సినవారు కథల సంపుటి పెట్టుకోవడం మేలు. దిగేలోగా ఒక కథ అయిపోతుంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడేవారికి బరువైన అట్ట పుస్తకం పనికిరాదు. దాన్ని ఇంట్లో మంచం పక్కన ఉంచండి.

మొదటి పుస్తకం కొనవద్దని నా సలహా. ఇప్పటికే ఇంట్లో ఉన్న సంచి విప్పండి. అందులో అత్యంత పలుచనిది తీయండి, అందరూ మెచ్చుకునే గొప్ప పుస్తకాన్ని కాదు. రెండోది గ్రంథాలయం నుంచి తెచ్చుకోండి. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. అక్కడ పోటీ పరీక్షలకు చదివేవారితో కుర్చీలు నిండిపోయి ఉంటాయి కానీ, సభ్యత్వం తీసుకుని పుస్తకం ఇంటికి తెచ్చుకునేవారికి కుర్చీతో పనేముంది? సుల్తాన్ బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని పుస్తకం కోసం కాకపోయినా ఒకసారి చూసి రావాలి. అరువు పుస్తకంలో ఒక సుగుణం ఉంది: తిరిగి ఇవ్వాల్సిన తేదీ. సొంత పుస్తకం మనల్ని ఎప్పుడూ తొందరపెట్టదు.

ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల గుట్టలు వెతకడం నాకూ ఇష్టమే. అది చదవడం కిందికి రాదు, షికారు కిందికి వస్తుంది. లెక్కలో రాయవద్దు.

3. ఒకే వంట ఐదుసార్లు చేయండి

వారానికో కొత్త వంట చేస్తే పదకొండు వంటలు ఒక్కోసారి చేసినట్టవుతుంది, ఒక్కటీ వచ్చినట్టు కాదు. ఒకే వంటను ఐదు ఆదివారాలు చేస్తే ఆరోసారి ఫోనులో వీడియో పెట్టుకోవాల్సిన పని ఉండదు. మొదటి ఐదు వారాలకు నేను చెప్పేది పచ్చిపులుసు. పొయ్యితో పని తక్కువ, మాడిపోయే భయం లేదు, తప్పు చేసినా దిద్దుకోవచ్చు.

నిమ్మకాయంత చింతపండును వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. పిసికి వడకట్టి, నీళ్లు కలిపి మూడు గ్లాసులు చేయండి. మూడు పచ్చిమిరపకాయలకు చిన్న గాటు పెట్టి, నేరుగా మంట మీద మచ్చలు పడేదాకా కాల్చండి. గాటు పెట్టకపోతే టప్పుమని పేలతాయి. ఒక పెద్ద ఉల్లిపాయను సన్నగా తరిగి, ఉప్పు, కాల్చిన మిర్చి వేసి చేత్తో గట్టిగా నలపండి. ఉల్లి మెత్తబడి నీరు వదలాలి. పచ్చిపులుసు రుచంతా ఈ నలపడంలోనే ఉంది. చెంచాతో కలిపితే ఉల్లిముక్కలు పులుసులో తేలుతూ వేరుగా ఉండిపోతాయి. నలిపిన ఆ చేతిని కంటికి తగలనీయకండి, సబ్బుతో రెండుసార్లు కడగండి. పులుసు నీళ్లు పోసి, చిన్న బెల్లం ముక్క, రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి, కొత్తిమీర వేయండి. చివరగా జీలకర్ర, ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు పోపు. పులుసును మరిగించకూడదు, అందుకే అది పచ్చిపులుసు.

పులుపెక్కువైతే నీళ్లు, ఘాటెక్కువైతే మరికాస్త బెల్లం. ప్రతిసారీ ఏం మార్చారో ఒక్క ముక్క రాసిపెట్టుకోండి: ‘చింతపండు ఎక్కువైంది’, ‘నువ్వులు మాడాయి’. పక్కన కిచిడీ ఉంటే ఆ పూట గడిచిపోతుంది. పాతబస్తీలో కిచిడీతో వడ్డించే నువ్వుల ఖట్టా కూడా చింతపండు, నువ్వుల జోడీయే కాబట్టి, ఒకటి పట్టుబడితే రెండోది దూరం కాదు.

ఫిబ్రవరి రెండో సగం నుంచి గోంగూర పప్పు. మెహదీపట్నం రైతు బజారులో తెల్ల గోంగూర, ఎర్ర గోంగూర రెండూ దొరికితే ఎర్రది తీసుకోండి, పులుపు ఎక్కువ. కందిపప్పును విడిగా ఉడికించండి. పులుపు తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు. అన్నీ కలిపి కుక్కరులో పడేసి, నాలుగు కూతల తర్వాత కూడా పలుకులుగా ఉందని పప్పును తిట్టిన రోజులు నాకున్నాయి. ఆకును నూనెలో మగ్గబెట్టి, ఉడికిన పప్పులో కలపండి. మిగతాదంతా మీ ఇంటి పద్ధతి.

4. పాల లెక్క పక్కనే రాయండి

యాప్‌లు, రంగు స్టిక్కర్లు వద్దు. వంటింటి గోడకు తిథులతో ఉన్న క్యాలెండరు ఉంటుంది కదా, పాల ప్యాకెట్లు, గ్యాస్ సిలిండరు తేదీ రాసేది. అదే గడిలో పది పేజీలు అయితే ‘చ’, వంట చేస్తే ‘వ’. ఇంట్లో అందరికీ కనబడుతుంది, ఎవరో ఒకరు అడగకుండా ఉండరు.

రెండు పనులనూ కలిపే వీలుంది. కుక్కరు పెట్టి కూత కోసం ఎదురుచూసే పది నిమిషాల్లో నాలుగు పేజీలు అవుతాయి. పాలు పొయ్యి మీద ఉన్నప్పుడు మాత్రం పుస్తకం ముట్టుకోవద్దు. ఇది అనుభవం మీద చెబుతున్నాను.

5. గడి ఖాళీగా ఉంటే

ఉండనీయండి. నిన్నటి పది పేజీలు ఇవాళ కలిపి ఇరవై చదవాలనుకుంటే రేపటికి ముప్పై అవుతాయి, ఎల్లుండికి పుస్తకం మళ్లీ సంచిలోకి పోతుంది. వరుసగా మూడు రోజులు ఖాళీగా ఉంటే పది పేజీలను ఐదు చేయండి. యాభై పేజీలు దాటినా పుస్తకం ఆకట్టుకోకపోతే మొహమాటపడకుండా మార్చేయండి. రచయితకు తెలియదు.

మార్చి 18 రాత్రి క్యాలెండరు ముందు నిలబడి ‘చ’లు, ‘వ’లు లెక్కపెట్టండి. ‘చ’లు యాభై దాటితే పేజీలు పదిహేను చేయండి; లేకపోతే పదే ఉంచండి. తర్వాత మర్నాటి ఉగాది పచ్చడికి చింతపండు తీసి పెట్టుకోండి. ఎంత తీయాలో ఈసారి మీ చేతికే తెలిసి ఉంటుంది.